పేదరికాన్ని ఏ కొలతతో కొలవాలి? రెడియెట్ అబెబె లెక్కలు

మీ దగ్గర 500 డాలర్లు ఉన్నాయనుకోండి. అమెరికాలో ఏదో ఒక ఊరి సహాయ నిధి అది. సాయం అడుగుతూ రెండు కుటుంబాలు వచ్చాయి. మొదటి కుటుంబానికి నెలకు 1,500 డాలర్ల ఆదాయం. చిన్న ఉద్యోగమే గాని స్థిరమైనది, జీతం తేదీ తప్పదు, వైద్య బీమా కూడా ఉంది. రెండో కుటుంబానికి నెలకు 2,000 డాలర్లు వస్తాయి. అయితే అవి గంటల లెక్కన వచ్చే కూలి డబ్బులు. పనికి వెళ్లాలంటే పాత కారే దిక్కు. పిల్లవాడికి ఉబ్బసం, బీమా లేదు. ఎవరికి ఇస్తారు?

దరఖాస్తు ఫారంలో ఆదాయం గడి ఒక్కటే ఉంటే సమాధానం తేలిక. తక్కువ సంపాదించేవారికి ఇస్తారు. మూడు నెలల తర్వాత వెళ్లి చూస్తే మొదటి కుటుంబం ఇబ్బందులు పడుతూనే అదే ఇంట్లో ఉంటుంది. రెండో కుటుంబం కారు చెడిపోయి, పని పోయి, అద్దె కట్టలేక ఇల్లు ఖాళీ చేసి ఉండవచ్చు. ఆదాయం గడిలో రాసిన అంకెలో తప్పేమీ లేదు. ఆ కుటుంబం ఎంత అంచున నిలబడి ఉందో రాయడానికి మాత్రం ఆ ఫారంలో చోటు లేదు.

ఈ రెండు కుటుంబాలు నేను ఊహించినవి. ప్రశ్న మాత్రం నిజమైనది. సాయాన్ని ఎవరికి, ఎంత, ఏ రూపంలో ఇవ్వాలన్న ఈ చిక్కును గణితంలోకి దించి పరిశీలించినవారిలో ముఖ్యులు ఇథియోపియాలో పుట్టిపెరిగిన కంప్యూటర్ శాస్త్రవేత్త రెడియెట్ అబెబె. సమాజహితం కోసం సాంకేతికత అనగానే మనలో చాలామందికి ఒక కొత్త యాప్, దాన్ని చేతిలో పట్టుకుని నవ్వుతున్న రైతు ఫొటో గుర్తుకొస్తాయి. రెడియెట్‌కు పేరు తెచ్చింది ఏ యాపూ కాదు. ప్రభుత్వాలూ సంస్థలూ అల్గారిథంను (కంప్యూటర్ అంచెలంచెలుగా పాటించే సూచనల వరుసను) ఏ ప్రశ్న అడుగుతున్నాయి, అసలు ఏ ప్రశ్న అడగాలి అన్నది ఆమె పని. బయటికి తక్కువగా కనిపించే పని కాబట్టే దీన్ని విడమరచి చెప్పాలనిపించింది.

ముందు పేరు గురించి ఒక మాట. ఇథియోపియాలో మనకున్నట్టు ఇంటిపేర్లు ఉండవు. సొంత పేరు, దాని తర్వాత తండ్రి పేరు. పాశ్చాత్య పత్రికలు రెండో పేరును ఇంటిపేరుగా భావించి ‘అబెబె’ అని రాస్తుంటాయి. అక్కడి పద్ధతి ప్రకారం ఆమెను రెడియెట్ అని పిలవడమే సరైనది. ఈ వ్యాసంలో నేనూ అలాగే రాస్తాను.

అడిస్ అబాబాలో 1991లో పుట్టిన రెడియెట్ మొదట స్థానిక బాలికల పాఠశాలలో చదివారు. తర్వాత ప్రతిభ ఆధారంగా ఇచ్చే ఉపకార వేతనం సంపాదించి అదే నగరంలోని అంతర్జాతీయ పాఠశాలలో చేరారు. అక్కడి నుంచి అమెరికాలోని హార్వర్డ్‌కు వెళ్లి గణితం తీసుకున్నారు. హార్వర్డ్‌లో ఉండగా విద్యార్థుల పత్రిక ‘క్రిమ్సన్’కు వార్తలు రాసేవారు. ఆ పనిలో భాగంగా కేంబ్రిడ్జ్ నగర ప్రభుత్వ పాఠశాలల వ్యవహారాలను దగ్గరగా చూశారు. హార్వర్డ్, ఎంఐటీ రెండూ ఉన్న నగరం అది. అలాంటి చోట కూడా నల్లజాతి పిల్లలకూ పేదింటి పిల్లలకూ చదువులో మిగతావారితో పెద్ద అంతరం ఉంది. ఏ పిల్లవాడు ఏ బడికి వెళ్లాలో తేల్చే పద్ధతిలోనూ గణితం ఉంటుందని తెలుసుకోవడానికి ఆమెకు ఇంకొన్నేళ్లు పట్టింది. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో ఒక ఏడాది గణితం చదివాక, న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జాన్ క్లైన్‌బర్గ్ పర్యవేక్షణలో పరిశోధన చేసి 2019లో పీహెచ్‌డీ అందుకున్నారు. కార్నెల్‌లో కంప్యూటర్ సైన్స్‌లో ఆ పట్టా పొందిన తొలి నల్లజాతి మహిళ ఆమే. ఆ తర్వాత హార్వర్డ్ సొసైటీ ఆఫ్ ఫెలోస్‌లో ఉండి, బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు.

ఎదురుదెబ్బకు లెక్క

ఇక అసలు విషయం. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ ఏటా కుటుంబాల ఆర్థిక స్థితిపై సర్వే చేస్తుంది. అందులో ఒక ప్రశ్న బాగా ప్రసిద్ధి చెందింది. అనుకోకుండా 400 డాలర్ల ఖర్చు వచ్చిపడితే ఏం చేస్తారు? 2018 సర్వేలో 27 శాతం మంది అప్పు చేస్తామనో, ఏదైనా అమ్ముకుంటామనో చెప్పారు. మరో 12 శాతం మంది అసలు కట్టలేమన్నారు. ప్రపంచంలోకెల్లా ధనిక దేశంలో, పదిమందిలో దాదాపు నలుగురి పరిస్థితి అది. వీళ్లలో ప్రభుత్వ లెక్కల ప్రకారం పేదలు కానివాళ్లూ ఉన్నారు. ఏ దెబ్బా తగలనంత కాలం వాళ్ల జీవితం మామూలుగానే సాగిపోతుంది.

రెడియెట్, క్లైన్‌బర్గ్, మాథ్యూ వైన్‌బర్గ్ కలిసి 2020లో ప్రచురించిన పత్రం సరిగ్గా ఈ ‘దెబ్బ’ను పట్టుకుంది. వాళ్లు తీసుకున్న నమూనాకు మూలాలు బీమా గణితంలో ఉన్నాయి. 1903లో స్వీడన్‌కు చెందిన ఫిలిప్ లుండ్‌బెర్గ్ తన పరిశోధన గ్రంథంలో వేసిన పునాది అది. బీమా కంపెనీ దగ్గర కొంత నిల్వ ఉంటుంది. ప్రీమియంలు క్రమంగా వస్తుంటాయి. క్లెయిములు మాత్రం ఎప్పుడు వస్తాయో, ఎంత పెద్దవి వస్తాయో ముందుగా తెలియదు. ఏదో ఒక రోజున నిల్వ సున్నా కంటే కిందికి పడిపోయే అవకాశం ఎంత? కంపెనీ ఉన్నచోట కుటుంబాన్ని, నిల్వ ఉన్నచోట పొదుపును, ప్రీమియంల చోట జీతాన్ని, క్లెయిముల చోట జబ్బునో కారు మరమ్మతునో జరిమానానో పెట్టి చూడండి. కంపెనీలు మునగకుండా కాపాడేందుకు వందేళ్లకు పైగా వాడుతున్న లెక్క, అద్దె ఇంటి కుటుంబానికీ అతికినట్టు సరిపోతుంది.

ఈ నమూనాలో కుటుంబం గురించి మూడు సంగతులు అడుగుతారు. ఎంత వస్తోంది? ఎంత దాచారు? దెబ్బలు ఎంత తరచుగా, ఎంత గట్టిగా తగులుతున్నాయి? మూడోదాన్ని కలిపేసరికి వరుస మారిపోతుంది. ఆదాయాన్ని బట్టి పేదవాళ్లుగా తేలినవాళ్లు, ఈ కొత్త కొలతలో కాస్త భద్రంగా ఉన్నట్టు కనిపించవచ్చు. నిలకడగా ఉన్నారనుకున్నవాళ్లు అంచున వేలాడుతున్నట్టు తేలవచ్చు. ఈ తేడా ఒక్కోసారి చాలా పెద్దదిగా ఉంటుందని ఆ పత్రం చూపించింది. గోరుచుట్టుపై రోకటిపోటు అంటాం కదా, ఆ రోకటిపోటును ఇన్నాళ్లూ లెక్కలోకి తీసుకోలేదన్నమాట.

సాయం ఏ రూపంలో ఇవ్వాలన్నది కూడా ఇక్కడ బాగా తేటపడుతుంది. ఒకేసారి కొంత మొత్తం చేతికివ్వడం ఒక పద్ధతి. నెలనెలా కొంచెం ఇవ్వడం మరొకటి. లుండ్‌బెర్గ్ లెక్కలో ఒక నిష్ఠురమైన సత్యం ఉంది. సగటున వచ్చేదానికన్నా పోయేది ఎక్కువైతే, మొదట ఎంత నిల్వ ఉన్నా చివరికి సున్నా కిందికి పోవడం ఖాయం. నిల్వ ఎక్కువగా ఉంటే ఆ రోజు ఆలస్యంగా వస్తుంది, అంతే. అలాంటి కుటుంబానికి ఒక్కసారి పెద్ద మొత్తం ఇవ్వడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే, నెలసరి రాబడిని పెంచితేనే ఫలితం ఉంటుంది. రాబడి ఖర్చులకు సరిపోతూ, ఎప్పుడో ఒకసారి పెద్ద దెబ్బ తగిలే ప్రమాదం ఉన్న కుటుంబానికి ఆదుకునే నిల్వ కావాలి. ఇద్దరికీ ఒకే పథకం పెట్టి, అది పనిచేయలేదని పథకాన్నో పేదలనో తిట్టడం మనం తరచూ చూసేదే.

ఎవరిని కాపాడాలి?

ఇప్పుడు ఈ పత్రంలోకెల్లా నన్ను బాగా ఆలోచింపజేసిన భాగానికి వద్దాం. సహాయ నిధి దగ్గర అందరికీ సరిపోయేంత డబ్బు ఉండదు. ఉన్నదాన్ని అత్యుత్తమంగా పంచమని అల్గారిథంకు చెప్పాలి. అత్యుత్తమం అంటే ఏమిటి?

మళ్లీ ఊహించుకుందాం. ఒక కుటుంబం ఈ ఏడాది కూలిపోయే అవకాశం 90 శాతం ఉంది. 500 డాలర్లు ఇస్తే అది 85 శాతానికి తగ్గుతుంది. మరో కుటుంబం కూలిపోయే అవకాశం 40 శాతం. అదే 500 వాళ్లకిస్తే 10 శాతానికి తగ్గుతుంది. మొత్తం మీద వీలైనంత తక్కువ కుటుంబాలు కూలిపోవాలి అనేది మన లక్ష్యమైతే డబ్బు రెండో కుటుంబానికి వెళ్లాలి. అక్కడ 30 పాళ్ల మేలు, ఇక్కడ 5 పాళ్లే. అందరికంటే ఎక్కువ ప్రమాదంలో ఉన్నవారి ప్రమాదాన్ని ముందు తగ్గించాలి అనేది లక్ష్యమైతే డబ్బు మొదటి కుటుంబానికే వెళ్లాలి. రెండూ న్యాయంగానే వినిపిస్తాయి. రెండూ ఒకేసారి కుదరవు.

ఈ రెండు లక్ష్యాలకూ ఎలా పంచాలో రెడియెట్ బృందం అల్గారిథంలు ఇచ్చింది. కొన్నిచోట్ల కచ్చితమైనవి, కొన్నిచోట్ల కచ్చితానికి దగ్గరగా వెళ్లేవి. ఏ లక్ష్యం ఎంచుకోవాలో మాత్రం గణితం చెప్పలేదు. అది ఊరి ప్రజలు, వాళ్లు ఎన్నుకున్న ప్రతినిధులు తేల్చుకోవాల్సిన సంగతి. సాధారణంగా కాగితం మీద సాగే పంపిణీలో ఈ ఎంపిక ఎక్కడ జరుగుతుందో ఎవరికీ కనపడదు. గుమాస్తా అలవాటులోనో, పాత ఉత్తర్వులోని ఒక వాక్యంలోనో దాగి ఉంటుంది. కంప్యూటర్‌కు పని అప్పగించాలంటే లక్ష్యం ఏమిటో అక్షరాలా రాసి ఇవ్వాలి. రాసినదాన్ని చదవవచ్చు, ప్రశ్నించవచ్చు, మార్చమని అడగవచ్చు. రెడియెట్ పనిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఇదే.

ఒక అభ్యంతరం నాకూ ఉంది. దెబ్బలను లెక్కించాలంటే పేద కుటుంబం తన జబ్బులు, అప్పులు, తగాదాలు అన్నీ ఎవరికో చెప్పుకోవాలి. ఉన్నవాళ్ల జీవితాల్లోకి ఏ ప్రభుత్వమూ అంత లోతుగా తొంగి చూడదు. సాయం పేరుతో నిఘా పెరిగే ప్రమాదం ఉంది. సమాజంలోని వనరులను ఇలా లెక్కలతో పంచడంలో ఉన్న నైతిక చిక్కుల గురించి పత్రం చివర రచయితలు కూడా చర్చించారు. పూర్తి పరిష్కారం ఎవరి దగ్గరా లేదు.

ఈ ప్రమాదం తెలుగు పాఠకులకు కొత్తేమీ కాదు. తెలంగాణ ప్రభుత్వం ‘సమగ్ర వేదిక’ అనే సాఫ్ట్‌వేర్‌తో వేర్వేరు శాఖల రికార్డులను కలిపి, సంక్షేమ పథకాలకు ఎవరు అర్హులో చూస్తోంది. ఎవరి పేరు మీద కారుంది, ఎవరికి ఎంత ఆస్తి ఉంది అన్నవి ఆ రికార్డుల్లోంచే వస్తాయి. పేర్లు కలిసినంత మాత్రాన మనుషులు ఒక్కరు కారు. ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లు మన ఊళ్లలో ఎంతమంది ఉంటారో మనకు తెలుసు. 2016 నుంచి రాష్ట్రంలో రద్దయిన దాదాపు 19 లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. అనర్హులను ఏరివేయడమా, అర్హులు ఒక్కరు కూడా ఆకలితో మిగలకుండా చూడడమా? రెంటిలో ఏ లక్ష్యం పెట్టుకుంటే సాఫ్ట్‌వేర్ ఆ వైపే తప్పులు తగ్గించి, రెండో వైపు పెంచుతుంది. పైన చెప్పుకున్న రెండు కుటుంబాల చిక్కుకు ఇది దగ్గరి చుట్టం.

నియమాలను రూపొందించే శాస్త్రం

రెడియెట్ పనిచేసే రంగాన్ని మెకానిజం డిజైన్ అంటారు. నియమాలు మారితే మనుషుల ప్రవర్తన మారుతుంది కాబట్టి, మనకు కావలసిన ఫలితం వచ్చేలా నియమాలు ఎలా రాయాలన్నది దాని సారం. బడి సీట్ల ఉదాహరణతో ఇది సులువుగా తెలుస్తుంది. బోస్టన్ నగరంలో తల్లిదండ్రులు తమకు నచ్చిన బడులను వరుసగా రాసి ఇచ్చేవారు. మొదటి ఎంపికగా రాసినవారికే బడులు ముందు సీట్లు ఇచ్చేవి. దాంతో అందరూ కోరుకునే బడిని మొదట రాసి, అది దక్కకపోతే రెండో బడిలో సీట్లు అప్పటికే నిండిపోయేవి. లోగుట్టు తెలిసిన తల్లిదండ్రులు తమకు నిజంగా నచ్చినది రాయకుండా, దక్కేదేదో లెక్కవేసి అది మొదట రాసేవారు. రెండు ఉద్యోగాలు చేస్తూ తీరిక లేని తల్లి నిజాయితీగా రాసి నష్టపోయేది. 2005లో ఆ నగరం పద్ధతి మార్చింది. గణిత శాస్త్రవేత్తలు డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ 1962లో ప్రతిపాదించిన పద్ధతిని తెచ్చింది. అందులో నిజమైన ఇష్టాలను రాసినవారికి నష్టం ఉండదు. ఈ తరహా కృషికే షాప్లీకీ ఆల్విన్ రాత్‌కూ 2012లో ఆర్థిక శాస్త్ర నోబెల్ వచ్చింది. మన దేశంలో ఐఐటీలకూ ఎన్ఐటీలకూ 2015 నుంచి ఉమ్మడిగా జరుగుతున్న జోసా సీట్ల కేటాయింపు కూడా ఈ గేల్–షాప్లీ పద్ధతి ఆధారంగానే సాగుతోంది. రాత్రంతా మేలుకుని కాలేజీల వరుస మార్చి మార్చి పెట్టుకున్న తెలుగు కుటుంబాలకు ఈ రంగం పేరు తెలియకపోవచ్చు, అనుభవం మాత్రం ఉంది.

ఆకలి విషయంలోనూ ఇలాంటి మార్పే ఒకటి జరిగింది. అమెరికాలో ఫీడింగ్ అమెరికా అనే సంస్థ దానంగా వచ్చిన ఆహారాన్ని దేశమంతటా ఉన్న ఆహార బ్యాంకులకు చేరుస్తుంది. పూర్వం వరుసలో ముందున్న బ్యాంకుకు ఫోను చేసి, వచ్చిన సరుకు తీసుకుంటారా లేదా అని అడిగేవారు. ఎవరికి ఏం అవసరమో కేంద్ర కార్యాలయానికి తెలియదు. బంగాళాదుంపలకు పేరుపొందిన ఐడహో రాష్ట్రానికి బంగాళాదుంపలే పంపే పరిస్థితి వచ్చింది. 2005లో ఒక్కో బ్యాంకుకు దాని ప్రాంతంలోని అవసరాన్ని బట్టి ‘షేర్లు’ అనే ఉత్తుత్తి డబ్బు ఇచ్చి, దాంతో సరుకును వేలంలో పాడుకునే ఏర్పాటు చేశారు. పేదలు ఎక్కువగా ఉన్న ప్రాంతానికి ఎక్కువ షేర్లు. తమ దగ్గర పుష్కలంగా ఉన్న సరుకు కోసం ఎవరూ షేర్లు ఖర్చు పెట్టరు కాబట్టి, ఆహారం కావలసిన చోటికే వెళ్లింది. కొత్తగా ఒక్క గింజ పండించకుండా నియమం మార్చి సాధించిన మేలు అది.

రెడియెట్ చూసిన లోటు ఎక్కడంటే, ఈ రంగంలో బలమైన సాధనాలున్నా అవి ఎక్కువగా ప్రకటనల వేలాలకూ మార్కెట్లకూ ఉపయోగపడుతున్నాయి. పేదల ఇళ్లు, వైద్యం, చదువు, పని వంటి సమస్యలపై పనిచేసేవారు తక్కువ. ఆ కొద్దిమంది కూడా ఆ సమస్యలతో జీవితాంతం పనిచేసిన సామాజిక శాస్త్రవేత్తలతో మాట్లాడరు. 2016లో ఆమె, కీరా గోల్డ్‌నర్ అనే మరో పరిశోధక విద్యార్థిని కలిసి ‘మెకానిజం డిజైన్ ఫర్ సోషల్ గుడ్’ పేరుతో ఒక పఠన బృందం మొదలుపెట్టారు. ఆన్‌లైన్‌లో కలుసుకుని పత్రాలు చదివి చర్చించుకునే చిన్న ప్రయత్నం అది. క్రమంగా చాలా దేశాల పరిశోధకులు అందులో చేరారు. అదే 2021లో ఒక వార్షిక అంతర్జాతీయ సదస్సుకు దారితీసింది. కంప్యూటర్ శాస్త్రవేత్తలతో పాటు ఆర్థిక, న్యాయ, సామాజిక శాస్త్రాల వాళ్లనూ, క్షేత్రంలో పనిచేసే వాళ్లనూ ఒకచోట కూర్చోబెట్టడం దాని ప్రత్యేకత.

నర్సును అడగలేనివి

మైక్రోసాఫ్ట్ పరిశోధకులతో కలిసి రెడియెట్ చేసిన మరో పని 2019లో వెలువడింది. ఆఫ్రికాలో మలేరియా, క్షయ, హెచ్ఐవీ గురించి ప్రజలకు ఏ సమాచారం కావాలి? సర్వేలు ఖరీదైనవి, అరుదుగా జరుగుతాయి, అందులోనూ సిగ్గుతో, భయంతో చాలామంది మనసులో మాట చెప్పరు. అందుకని మైక్రోసాఫ్ట్ సెర్చ్ ఇంజన్ బింగ్‌లో జరిగిన వెతుకులాటను ఆమె బృందం పరిశీలించింది. ఆఫ్రికాలోని 54 దేశాల నుంచి ఈ మూడు జబ్బుల గురించి జనం ఏమేమి వెతికారో చూసి, వాటిని అంశాలవారీగా కంప్యూటర్‌తోనే గుదిగుచ్చారు.

లక్షణాలు, మందులు ఉంటాయని ఎవరైనా ఊహిస్తారు. వాటితో పాటు బయటపడినవి ఆలోచింపజేస్తాయి. హెచ్ఐవీ ఉన్న తల్లి బిడ్డకు పాలివ్వవచ్చా అన్న బెంగ. నలుగురిలో తెలిస్తే వెలివేస్తారన్న భయం. ఆకులతో, పసర్లతో నయమవుతుందన్న నమ్మకం. వయసును బట్టి, స్త్రీ పురుషులను బట్టి, దేశాన్ని బట్టి ఈ ప్రశ్నలు మారుతున్నాయి. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, వాళ్లు అడిగినదానికి సెర్చ్ ఇంజన్ చూపిస్తున్న పేజీల నాణ్యత అన్ని అంశాలకూ ఒకేలా లేదు. ఒక ఆరోగ్య శాఖ ఏ అంశంపై ముందుగా ప్రజలతో మాట్లాడాలో చెప్పగల ఆధారం ఇది. అయితే ఫోను, ఇంటర్నెట్ లేని మనిషి ఈ గణాంకాల్లో కనిపించడు. అందరికంటే పేద గ్రామం ఏ సెర్చ్ ఇంజన్‌కూ తన బాధ చెప్పుకోలేదు. ఈ పద్ధతిని సర్వేకు బదులుగా కాక, సర్వేకు తోడుగా చూడాలని నా అభిప్రాయం.

ఇక్కడే మరో ప్రశ్న ఎదురవుతుంది. ఆఫ్రికా ప్రజల నుంచి వచ్చిన సమాచారం ఎవరిది? 2021లో రెడియెట్, అబెబా బిర్హానె, మరికొందరు పరిశోధకులు కలిసి రాసిన పత్రం దీన్నే నిలదీసింది. ఆఫ్రికాలో డేటా పంచుకోవడం ఎందుకు సాగడం లేదన్న చర్చను ఎక్కువగా బయటివాళ్లే నడుపుతారు. చదువు లేదు, శిక్షణ లేదు, పరికరాలు లేవు అని కారణాలు చెబుతారు. ఇది అసలు సంగతిని కప్పిపుచ్చుతోందని వీళ్ల వాదన. ఆఫ్రికాలోని డేటా నిపుణులను ఇంటర్వ్యూ చేసి, వాళ్ల అనుభవాల ఆధారంగా కల్పిత పాత్రలను మలిచి, కథలుగా చెప్పారు. కంప్యూటర్ శాస్త్ర సదస్సులో కథలు కనిపించడం అరుదు. ఆ కథల్లో తేలేదేమిటంటే, సమాచారం ఇచ్చినవాళ్లకు దాని ఫలం దక్కడం లేదు. వలస పాలన నాటి నుంచి పేరుకుపోయిన అసమానత, నమ్మకం పెంచుకోవడానికి ఎవరూ శ్రమ పడకపోవడం, పాశ్చాత్య దేశాలకు సరిపోయే నియమాలను అక్కడికి తెచ్చి రుద్దడం అసలు అడ్డంకులు. ఇదంతా చదువుతుంటే, ఊరికి వచ్చి నమూనాలు, వివరాలు పట్టుకుపోయి మళ్లీ తొంగి చూడని అధ్యయన బృందాలు గుర్తొచ్చాయి. ఆ బాధ ఒక్క ఖండానిదే కాదు.

గదిలో ఎవరున్నారు?

2017లో రెడియెట్, ఇథియోపియాలోనే పుట్టిన మరో శాస్త్రవేత్త టిమ్నిట్ గెబ్రూ కలిసి ‘బ్లాక్ ఇన్ ఏఐ’ సంస్థను స్థాపించారు. కృత్రిమ మేధ సదస్సుల్లో నల్లజాతి పరిశోధకులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే కనిపించే రోజులవి. ఆ ఏడాది డిసెంబరులో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో జరిగిన పెద్ద సదస్సులో తొలి కార్యశాల నిర్వహించారు. మరుసటి ఏడాది మాంట్రియల్‌లో సమావేశమైతే, రావాల్సిన చాలామంది ఆఫ్రికన్ పరిశోధకులకు కెనడా వీసా ఇవ్వలేదు. పత్రం ఆమోదం పొందినా, ప్రయాణ ఖర్చులు సమకూరినా, సరిహద్దు దాటలేకపోయారు. అమెరికా వీసా కోసం కాన్సులేట్ ముందు తెల్లవారకముందే నిలబడిన తెలుగువారికి ఈ కష్టం విడమరచి చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత ఒక ప్రధాన కృత్రిమ మేధ సదస్సును 2020లో అడిస్ అబాబాలో జరపాలని నిర్ణయించారు. పరిశోధకులు వీసా కోసం అర్థించే బదులు సదస్సే వాళ్ల దగ్గరికి వెళ్లేది. కరోనా వచ్చి అది ఆన్‌లైన్‌కు మారిపోయింది. రెడియెట్ పుట్టిన ఊరికి ఆ సదస్సు వెళ్లలేకపోయినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

కంప్యూటర్ శాస్త్రం సామాజిక మార్పుకు నిజంగా ఏం చేయగలదన్న ప్రశ్నకు 2020లో ఆమె, మరో అయిదుగురు కలిసి జవాబు వెతికారు. సమస్య ఎక్కడ ఉందో, ఎంత ఉందో కొలిచి చూపగలదు. లక్ష్యాలను స్పష్టంగా రాయక తప్పని పరిస్థితి తేగలదు, సహాయ నిధి లెక్కలో మనం చూసింది అదే. ఏళ్లుగా ఉన్న అన్యాయాన్ని కొత్తగా అందరి కళ్లముందుకు తేగలదు. వీటన్నిటికన్నా నాకు నచ్చినది మరొకటి. సాంకేతికతతో ఫలానాది సాధ్యం కాదని సాధికారంగా చెప్పగలదు. అమ్మేవాళ్లు అద్భుతాలు చేస్తామంటున్నప్పుడు, ‘ఇది మీ వల్ల కాదు, కారణం ఇదీ’ అని లెక్క చూపించడం కూడా సమాజానికి సేవే.

ఆ మాటను ఆమె కోర్టుల విషయంలో ఆచరణలోకి తెచ్చారు. అమెరికాలో నేర విచారణల్లో సాఫ్ట్‌వేర్ ఇచ్చే ఫలితాలను సాక్ష్యంగా వాడడం పెరిగింది. పలువురి డీఎన్ఏ కలిసిపోయిన నమూనాలో నిందితుడిది ఉండే అవకాశం ఎంతో చెప్పేవి, శబ్దం విని అది తుపాకీ కాల్పో కాదో తేల్చేవి, పనిముట్ల గుర్తులను పోల్చేవి ఇందులో ఉన్నాయి. మనిషి సాక్షి అయితే బోనులో నిలబెట్టి అడ్డుప్రశ్నలు వేయవచ్చు. సాఫ్ట్‌వేర్‌ను అలా ప్రశ్నించే వీలు నిందితుడి తరఫు న్యాయవాదికి పూర్తిగా దక్కడం లేదు. 2022లో రెడియెట్, ఒక న్యాయశాస్త్ర ఆచార్యురాలు, ఇతర కంప్యూటర్ శాస్త్రవేత్తలు కలిసి దీనికి ఒక పరీక్షా విధానం ప్రతిపాదించారు. ఆ సాఫ్ట్‌వేర్ మొత్తం మీద సగటున ఎంత బాగా పనిచేస్తుందన్నది అందులో చాలదు. ఈ కేసులో ఉన్న పరిస్థితులకు దగ్గరగా ఉండే నమూనాలను ఎంచి, అది తప్పు చేసే అవకాశం ఉన్నచోటే దాన్ని పట్టి చూడాలి. ఏ నమూనాలతో పరీక్షించాలో ఎంచుకునే అధికారం నిందితుడి న్యాయవాది చేతిలో ఉండాలి.